మూడు ముక్కల తల

పోయిన ఎండాకాలం మా ఇంట్లో ఉన్న పాత తొక్కుడు మిషనును బాగు చేయిద్దామని మస్తాన్‌ను పిలిపించాను. అతను వచ్చి సొరుగు పట్టుకుని గుంజితే అది మొత్తంగా ఊడి చేతికి వచ్చింది. బాబిన్లు, తుప్పుపట్టిన సూదులు, జత కుదరని గుండీలు అన్నీ నేలమీద దొర్లాయి. సొరుగు అడుగున పరిచిన కాగితం కింద నుంచి మూడు అట్టముక్కలు బయటపడ్డాయి. రెండు ఒకే ఆకారంలో ఉన్నాయి. మూడోది నాలుక మాదిరి పొడుగ్గా ఉంది. ఒక కొస సన్నగా, నడుమ వెడల్పుగా, మళ్ళీ అవతలి కొస సన్నగా. మస్తాన్ వాటిని తిప్పి తిప్పి చూసి, చెప్పులు కుట్టే కొలతలా అమ్మా అని అడిగాడు. కాదు నాయనా, తల అన్నాను. ఎవరి తల అన్నాడు. ఎలుగుబంటిది అని చెబితే, ఈ ముసలామెకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడో ఏమో, మిషనుకు నూనె పోయడం మొదలుపెట్టాడు.

అతనికి పని తొందర, నాకు మాట తొందర. రెండూ పొసగవు కాబట్టి అతనితో చెప్పలేదు. ఆ మూడు అట్టముక్కలు పట్టుకుని వరండాలో కూర్చుంటే, పదహారేళ్ళ వయసులో నేను పనిచేసిన కుట్టుగది వాసన మొత్తం ముక్కుకు వచ్చి తగిలింది. మిషను నూనె, గంజి, చింతగింజల జిగురు, అన్నిటికంటే మించి ఎండకు కాగిన కంబళి వాసన. గొర్రెను దగ్గరగా పట్టుకుని పడుకున్నట్టుండేది ఆ వాసన. కంబళి తెచ్చిన మొదటి వారం ముక్కుకు గుడ్డ కట్టుకుని కుట్టాను. తర్వాత ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు అది లేక ఏదో వెలితిగా అనిపించేది.

మాది ముదిగుబ్బ పక్కన చిన్న ఊరు. మా నాయన సొంత భూమి లేని మనిషి. రెడ్ల చేన్లలో చెనిక్కాయ పీకే పనికీ, గుంటక తోలే పనికీ పోయేవాడు. వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేసేసరికి చేనూ లేదు, పనీ లేదు. నాయన బావులు తవ్వే ముఠాతో కలిసి విడపనకల్లు వైపు వెళ్ళిపోయాడు. అమ్మ కరువులో పెట్టిన గంజి కేంద్రం దగ్గర కట్టెలు కొట్టేది. నేను మిషను వాళ్ళ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. మిషను అంటే కుట్టు మిషను కాదు, పాదిర్ల మిషను. టీచరు కావాలని నాకు గట్టిగా ఉండేది. కానీ బావి ఎండి, పిల్లలకు నీళ్ళు చాలక హాస్టలు మూసేశారు. అప్పుడు ఆ ఆవరణలోనే ఆసుపత్రి వెనక ఉన్న కుట్టుగదిలో నన్ను పెట్టించింది అమ్మ. మూడు నెలల్లో పని పట్టుబడాలి, లేకుంటే ఆ చోటు వేరే ఆడపిల్లకు పోతుంది. చోటు అంటే పొద్దున గంజి, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం ఇంటికి తీసుకుపోవడానికి ఒక డబ్బా పాలపొడి. ఆ డబ్బా కోసం మా ఇంట్లో ఇద్దరు తమ్ముళ్ళు వాకిట్లో కూర్చుని ఎదురుచూసేవాళ్ళు.

కుట్టుగదిని నడిపేది మిస్సమ్మ. తెల్లామె, నడివయసు మనిషి, ఎండకు ముఖమంతా ఎర్రటి మచ్చలు. తెలుగు ఆమె బైబిలు చదివి నేర్చుకుంది. అందుకే సూది పారేసుకున్నా సరే, ఓ స్త్రీలారా, వెదకుడి, మీకు దొరకును అనేది. మేము నవ్వు ఆపుకోలేక ఒళ్ళో గుడ్డల్లో తలలు దూర్చేవాళ్ళం. ఆమెకు అది తెలుసు, కోపం లేదు. పొద్దున ప్రార్థన అయ్యాక తలుపు పక్కన నిలబడి ఒక్కొక్కరి చేతులు చూసేది. చేతులకు మసి ఉంటే ఒక చెంబు నీళ్ళు ఇచ్చేది. ఆ చెంబుతోనే ఏడుగురం కడుక్కోవాలి, ఆ నీళ్ళే మళ్ళీ బొప్పాయి చెట్టుకు పోయాలి. అక్కడ పారబోసిన నీళ్ళు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఏడుగురిలో ఒకరు ఓబుళక్క. గొర్రెలు కాచే ఇంటి కోడలు, నాకంటే పదేళ్ళు పెద్ద. గదిలో వెలుతురు తక్కువగా ఉండే మూల ఆమెది. పైట కొంగు ఎప్పుడూ కుడి చెంప మీదుగా లాగి పళ్ళతో పట్టుకుని కుట్టేది. కొంగు జారినప్పుడు మొదటిసారి చూసి నేను చేతిలో కత్తెర వదిలేశాను. కంటి కింద నుంచి దవడ దాకా చెంప ముడతలు పడి, పెదవి కొస పైకి లాక్కుపోయి, ఆ పక్క రెప్ప సగమే మూసుకునేది. కొండకు సీతాఫలాలకు పోయినప్పుడు ఎలుగుబంటి మీద పడిందని మిగతావాళ్ళు చెప్పారు. మంచం మీద మోసుకొచ్చి ఆసుపత్రిలో వేస్తే డాక్టరయ్య కుట్లు వేసి బతికించాడు. మూడు నెలల తర్వాత ఇంటికి వెళితే, అప్పటికి రెండేళ్ళ కూతురు ఆమెను చూసి కేక పెట్టి, అవ్వ చీరలో దూరి, దగ్గరకు రాలేదు. పది రోజులు చూసింది. పిల్ల తిండి మానేసింది. బిడ్డ నన్ను చూసి జడిసి అన్నం మానేస్తే నేను ఆడుండి ఏం జేసేదని, ఓబుళక్క తానే తిరిగి వచ్చేసిందట. మొగుడు మారుమనువు చేసుకున్నాడు. ఆ సంగతులేవీ అప్పటికి ఆమె నోట నేను వినలేదు. ఆమె మాట్లాడేదే తక్కువ.

ఒకరోజు మిస్సమ్మ తన దేశం నుంచి వచ్చిన పార్సిలు తెచ్చి మా నడుమ విప్పింది. అందులో ఒక బొమ్మ, అలాంటిది కుట్టే కొలతల కాగితాల కట్ట. బొమ్మ గోధుమరంగు బొచ్చుతో, గుండ్రటి చెవులతో, పొట్ట ముందుకు పెట్టుకుని కూర్చుని ఉంది. కుక్కపిల్ల అని ఒకరు, కోతి అని ఒకరు, బాగా తిన్న గొర్రెపిల్ల అని ఒకరు అన్నారు. మిస్సమ్మ నవ్వి, ఇది ఎలుగుబంటి అంది. తన దేశంలో పిల్లలు దీన్ని కౌగిలించుకుని నిద్రపోతారని, ఆసుపత్రిలో పిల్లల వార్డుకు ఇలాంటివి కుట్టాలని చెప్పబోయింది. మేము చేతిలో గుడ్డల మీదికి తలలు వంచాం. అందరం మూల వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నామని ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఓబుళక్క లేచింది, చేతిలో ఉన్న దిండు గలీబు మడిచి పక్కన పెట్టింది, బయటికి వెళ్ళిపోయింది. మిస్సమ్మ ముఖం మీది మచ్చలన్నీ ఒకటే ఎరుపైపోయాయి. బొమ్మను పార్సిల్లో చుట్టి బీరువాలో పెట్టేసింది.

కానీ వార్డులో పిల్లలు ఉన్నారు, ఆ కరువులో మామూలు కంటే ఎక్కువగా ఉన్నారు. వారం తర్వాత మిస్సమ్మ నన్ను ఒక్కదాన్నే పక్కన ఉన్న సామాన్ల గదిలోకి పిలిచి, ఆ కాగితాలూ, కొంచెం బొచ్చుగుడ్డా నా చేతికిచ్చి, ఎవరికీ కనబడకుండా ప్రయత్నించమంది. కాళ్ళూ చేతులూ పొట్టా రెండు రోజుల్లో వచ్చేశాయి. సంచి కుట్టగలిగినవాళ్ళు ఎవరైనా వాటిని కుట్టగలరు. తల మాత్రం రాలేదు. తలకు మూడు ముక్కలు. కుడి చెంప ఒకటి, ఎడమ చెంప ఒకటి, నడుమ ముక్కు కొస నుంచి నుదుటి మీదుగా మెడ వెనక్కు పోయే పొడుగు ముక్క. చెంప ముక్కలు రెండూ గడ్డం కింద కలుస్తాయి, పైన ఆ పొడుగు ముక్క వాటిని విడదీసి పట్టుకుంటుంది. కాగితం మీద చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కుట్టి, తిరగేసి, దూది కూరి చూస్తే మొదటిదానికి మెడ విరిగినట్టు తల వాలింది. రెండోదానికి నుదుటి మీద బుడిపె లేచింది. మూడోదానికి మూతి మొత్తం కుడివైపుకు లాక్కుపోయింది. మిస్సమ్మ తెచ్చిన బొచ్చుగుడ్డ అయిపోవచ్చింది. మూడు నెలల్లో రెండు గడిచిపోయాయి. నేను ఆ తలలను చెత్తబుట్టలో అడుగున పెట్టి పైన పీలికలు కప్పాను.

మర్నాడు సామాన్ల గదిలోకి వచ్చేసరికి ఓబుళక్క ఆ బుట్ట ముందర గొంతుకూర్చుని ఉంది. మూడో తల ఆమె చేతిలో ఉంది. మూతి ఒక పక్కకు పోయిన ఆ తలను నేను ఎగతాళికి కుట్టానని అనుకుంటుందేమోనని గడప దగ్గరే ఆగిపోయాను. ఆమె దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి తిప్పి చూసింది. కొంగు జారింది, సవరించుకోలేదు.

"నా మాదిరే ఉండాది," అంది. "ఎవురు కుట్టింది, నువ్వేనా?"

తల ఊపి కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడ్చొద్దు. నీ చెయ్యి మంచిదే. తెలీక చేసినావు. ఒగ పక్క మొదలుపెట్టి, చుట్టూ తిరుక్కోని వచ్చినావు గదా? అట్లొస్తే గుడ్డ ముందుకు జరుక్కుంటా పోతాది. కడాకు వచ్చేతలికి అంతా ఒగ పక్కకు చేరతాది."

అది నిజం. నేను ముక్కు దగ్గర మొదలుపెట్టలేదు. మెడ దగ్గర మొదలుపెట్టి, ఎడమ చెంప మీదుగా ముక్కు దాకా ఎక్కి, అదే దారంతో కుడివైపు దిగాను. నీకెట్లా తెలుసక్కా అని అడిగాను. ఆమె బొమ్మ తల కిందపెట్టి, తన చెంప మీద వేలు ఆనించి చూపించింది.

"డాక్టరయ్య అద్దం ఇచ్చేముందర నాకు అన్నీ చెప్పినాడు. తోలు చీలికలై ఏలాడ్తాంటే, యాడనుంచి యాడికి కుట్టల్లనో ఆయనగ్గూడా తెలీలేదంట. అందుకని ముందు మూడే కుట్లు ఏసినాడు. ముక్కు పక్కన ఒగటి, పెదివి కొసకు ఒగటి, కనుబొమ్మకు ఒగటి. ఇవి మూడూ వాటి చోట నిలబడినంక, మధ్యలో ఉండేదంతా నిదానంగా నింపుకుంటా వచ్చినాడు. తోలు చాలక పెదివి ఇట్లొచ్చిందిగానీ, ఆ మూడు కుట్లూ లేకుంటే కన్ను చెంపకు వచ్చుండు అన్నాడు."

ఆ మాటలు ఆమె ఎంత మామూలుగా చెప్పిందో నాకు ఇప్పటికీ జ్ఞాపకం. రొట్టె ఎలా తట్టాలో చెప్పినట్టు చెప్పింది. నేను అడగకూడనిది అడిగాను. ఆ రోజు ఏమైంది అని.

"ఏమైతాది? రాతిగుండు ఆపక్కకు పోతి. అది పిల్లను ఈపు మీద ఏసుకోని పండ్లు తింటాండె. నన్ను చూసి అది బెదిరె, దాన్ని చూసి నేను బెదిరితి. బిడ్డ ఉండే తల్లి గదా, అదే ముందు మీదపడె. అంతే." కిందపెట్టిన తలను మళ్ళీ అందుకుని, "మిస్సమ్మ బొమ్మ చూసి నేను లేసిపోయింది దేనికో తెలుసా? దాని ముక్కు. నల్ల దారం తడి మాదిరి మెరుస్తాండె," అంది.

ఆ రోజు నుంచి సామాన్ల గదిలో ఇద్దరం కూర్చున్నాం. కాగితాలు నలిగిపోతాయని తల ముక్కల కొలతలు మూడింటినీ అట్టమీద కోసుకున్నాం. గుడ్డ లేదు కాబట్టి ఓబుళక్క తమవాళ్ళు నేసే కంబళి తెప్పించింది. ఉన్ని ఏకే ముళ్ళ దువ్వెనతో దాన్ని ఒకే దిక్కుకు దువ్వితే నూగు లేచి బొచ్చు మాదిరి నిలబడింది. బొచ్చు ముక్కు నుంచి వెనక్కు వాలాలి, మూడు ముక్కల్లోనూ. ఒక్కదాంట్లో ఎదురు తిరిగినా ఆ పక్క నలుపు తేడాగా కనిపిస్తుంది. కంబళి అంచు చెదిరిపోతుంది గనుక కత్తిరించిన వెంటనే చింతగింజల జిగురు పలచగా పూసి ఆరబెట్టేవాళ్ళం. ముందు గడ్డం కింద కుట్టు. తర్వాత పొడుగు ముక్కకు ముక్కువైపు ఉండే కొసను నడిమధ్యకు మడిచి గీత పెట్టి, ఆ గీతను సరిగ్గా గడ్డం కుట్టు మీద నిలబెట్టి, కదలకుండా పట్టుకునేట్టు ఒక టాకా. మెడ వెనక రెండు వైపులా చెరొక టాకా. కనుబొమ్మలు వచ్చే చోట చెరొకటి. ఆ టాకాల మధ్య గుడ్డ ఎక్కువగా కనిపిస్తుంది, చెంప ముక్క కంటే నుదుటి ముక్క మిగిలినట్టు ఉంటుంది. కత్తిరించాలని చెయ్యి లాగుతుంది. కత్తిరించకూడదు. ఆ మిగులే తిరగేసినప్పుడు నుదురవుతుంది. దాన్ని వేలితో కొంచెం కొంచెంగా సర్దుకుంటూ, బొచ్చును సూదిమొనతో లోపలికి తోసుకుంటూ, ముక్కు నుంచి వెనక్కు ఒక వైపు కుట్టి, దారం తెంపి, మళ్ళీ ముక్కు దగ్గరికే వచ్చి రెండో వైపు కుట్టాలి. తొందరపడితే ఓబుళక్క నా మణికట్టు మీద దారపు ఉండతో తట్టేది. ఎవురన్నా తరుముతాండారా అనేది.

మొదటి తల తిరగేసిన రోజు మిస్సమ్మ కూడా వచ్చి నిలబడింది. బూరుగుదూదిని చిటికెడు చిటికెడుగా ముందు ముక్కులోకి కూరాం, చెంపల్లోకి తర్వాత. తల నిలబడింది. ఎటు చూసినా నిటారుగా, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టుగా. కళ్ళకు గాజుపూసలు లేవు. కుంకుడు గింజలు తెచ్చి, కాల్చిన సూదితో బెజ్జం చేసి పెట్టాం. మూతిని పైకి తిప్పి నవ్వుతున్నట్టు కుట్టమని కాగితంలో ఉంది. ఓబుళక్క ఒప్పుకోలేదు. ఎలుగుబంటి నవ్వదు అంది. మూతి సూటిగా ఒక గీత గీసినట్టు కుట్టింది. ముక్కు నల్ల దారంతో కుట్టలేదు, మెరుపులేని ముదురు గోధుమ ఉన్నితో కుట్టింది. మిస్సమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది మిక్కిలి మంచిదిగా ఉన్నది అని చెప్పి, ఓబుళక్క ముందర చేతులు జోడించింది. దేనికోసం అలా చేసిందో ముగ్గురికీ తెలుసు. నా చోటు నాకు నిలబడింది. సాయంత్రం పాలపొడి డబ్బాతో ఇంటికి పోతూ దారిలో నేను పాట పాడుకున్నానని తమ్ముళ్ళు చాలాకాలం ఎగతాళి చేశారు.

ఇప్పుడు అనంతపురం బస్టాండు ముందర ప్లాస్టిక్ సంచుల్లో ఎలుగుబంటి బొమ్మలు తోరణాల మాదిరి వేలాడుతుంటాయి. గులాబీరంగువి, నీలంవి, మనిషంత ఎత్తువి కూడా. ముట్టుకుంటే వెన్నలా ఉంటాయి. మేము కుట్టినవి అంత గొప్పవని నేను చెప్పను. కంబళి గరుకుకు పిల్లల చెంపలు దురద పెట్టేవి, వానకాలంలో బొమ్మలు గొర్రెల దొడ్డి వాసన కొట్టేవి. ఇప్పటి పిల్లలు అదృష్టవంతులే. నాకు తేడాగా అనిపించేది ఒక్కటే. ఇప్పటి బొమ్మకు చెవి ఊడితే కొత్తది కొనిస్తారు. అప్పుడు ఊడిన చెవిని చేత పట్టుకుని, దాన్ని కుట్టిన మనిషి దగ్గరకే నడిచి రావాల్సి వచ్చేది. ఎందుకు చెబుతున్నానంటే, ఓబుళక్క కూతురు అంజినమ్మ అలాగే వచ్చింది.

రెండు మూడు నెలలకోసారి ఓబుళక్క అత్త ముదిగుబ్బ సంతకు పోతూ, మనవరాలిని వెంటబెట్టుకుని కుట్టుగది ముందర ఆగేది. ముసలామెది చెడ్డ మనసు కాదు. బిడ్డను తల్లికి చూపించాలనే వచ్చేది. పిల్లకు అప్పటికి ఐదేళ్ళు. అవ్వ చీర వెనక నిలబడి, ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూసేది. ఓబుళక్క గడప దాటి ముందుకు పోయేది కాదు. బెల్లంముక్క గడప మీద పెట్టి లోపలికి వచ్చేసేది. మేము కుట్టిన వాటిలో ఒకటి ఆమె తన కూతురికని వేరుగా ఉంచింది. ఇస్తే తీసుకోదేమోనని తాను ఇవ్వలేదు. నా చేత ఇప్పించింది. అంజినమ్మ నా చేతిలోంచి దాన్ని లాక్కుని చీర వెనక దాచుకుంది. అంతకుమించి ఏమీ జరగలేదు. వాళ్ళు సంత దారి పట్టాక ఓబుళక్క ఆ మధ్యాహ్నం రెండు తలలు కుట్టింది.

ఆ తర్వాత కథ ఎలా సాగిందో ముందే చెప్పేస్తాను. ఎనిమిదో ఏట అంజినమ్మ తల్లి దగ్గరకు వచ్చి ఆ ఆవరణలోనే ఉండిపోయింది, బడి చదివింది, నర్సు పని నేర్చుకుంది. ఓబుళక్క మనవళ్ళను ఎత్తుకుంది. ఆమె పోయినప్పుడు నేను, ఆగిన చదువు మళ్ళీ చదివి, కొత్తచెరువులో టీచరుగా ఉన్నాను, వెళ్ళి చూశాను. కానీ నాకు ఇవన్నీ మొదలైన రోజు ఒకటి గుర్తుంది.

సంత రోజు, భోజనాల వేళ దాటింది. ముసలామె గొర్రెల బేరం ముగించుకుని, తిరుగుదారిలో మా గది ముందర ఆగింది. ఈసారి పిల్ల చీర వెనక లేదు, ముందుంది. ఒక చేతిలో బొమ్మ, ఇంకో చేతి గుప్పిట్లో ఊడిన చెవి. నా వైపు చాపింది. నేను తీసుకోబోయి ఆగాను. నాకు కుట్టడం రాదు పాపా, ఆమెకు ఒక్కదానికే వచ్చు అని చెప్పాను. అంత పచ్చి అబద్ధం నేను దేవుడి పేరు పెట్టుకున్న ఆ ఆవరణలో మరెప్పుడూ చెప్పలేదు. పిల్ల చాలాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, చెవిని తల్లి చాప అంచున పెట్టి, రెండడుగులు వెనక్కు పోయింది.

"నేనొక్కదాన్నే కుట్టలేను," అంది ఓబుళక్క, తల ఎత్తకుండా. "తల కదలకుండా ఎవురన్నా పట్టుకోవల్ల."

అంజినమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని బొమ్మ తలను రెండు చేతులతో పట్టుకుంది. ఓబుళక్క కొంగు చెంప మీది నుంచి ఎప్పుడో జారిపోయింది. సూదిలోకి దారం ఎక్కించడానికే పావుగంట పట్టింది. చెవికి నాలుగు కుట్లు వేసి, తల వంచి చూసి, వంకరపోయింది అని విప్పింది. మళ్ళీ వేసింది, బొచ్చు ఎదురు తిరిగింది అని మళ్ళీ విప్పింది. ఆమె చేతుల్లో ఆ చెవి ఎంత చిన్న పనో గదిలో అందరికీ తెలుసు. మిస్సమ్మ తలుపు దాకా వచ్చి, చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కు వెళ్ళిపోయింది. గడప మీద కూర్చున్న ముసలామె ఎండ దిగుతోందని, నడవాల్సింది ఆరు మైళ్ళని, ఇక లేవమని మనవరాలిని పిలిచింది.

పిల్ల బొమ్మ తల మీది నుంచి చేతులు తీయలేదు.

"ఉండవ్వా," అంది. "అమ్మ ఇంగా కుడతాండాది."

ఓబుళక్క సూది ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత ఆమె, అప్పుడే వేసిన కుట్టును మెల్లగా విప్పింది.